రంపం ఒకటి, బ్లేడు మరొకటి

మానవుడు నిర్మించుకొన్న పనిముట్లలో రంపం మిక్కిలి ప్రాచీనమైనది. పచ్చి కలపను కోసేటప్పుడు పొట్టు పళ్ళ నడుమ ఇరుక్కొని రంపం సాగదనీ, అందుచేతనే పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచుతారనీ రోమను పండితుడు ప్లీనీ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే వ్రాసి ఉన్నాడు. రెండువేల ఏళ్ళు గడచినా రంపం పని చేసే తీరు మారలేదు. మారినదల్లా రంపానికీ మనకూ గల సంబంధమే. ఒకప్పుడు రంపమంటే ఒకే వస్తువు. తాత కొన్న రంపం మనుమని చేతికి వచ్చేది. నేడు అది రెండు వస్తువులైనది: చట్రం మన ఇంట ఉంటుంది, బ్లేడు అంగట్లో ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు పనివానికి కలిగే చిక్కులను గూర్చి, కుదిరినా బ్లేడు నాసిరకమైనదైతే కలిగే నష్టాన్ని గూర్చి ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

తెలుగు బోధించేవారికి రంపంతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. మా తరగతి గదులలో కూర్చునే విద్యార్థులలో వడ్రంగుల బిడ్డలు, నగల పనివారి బిడ్డలు, పైపులు బిగించేవారి బిడ్డలు, తోటల రైతుల బిడ్డలు కలరు. సాయంకాలం ఇంటికి వచ్చే కూలి ఎంత అనేది ఒక సన్నని ఉక్కుముక్కపై ఆధారపడిన ఇండ్లు అవి. తీరని యాతనకు మన భాషలో ‘రంపపు కోత’ అని పేరు. ఆ మాట పుట్టినది కోయబడే దానిని తలచుకొనియే కావచ్చును గాని, చెడ్డ బ్లేడు చేతబట్టినవానికి అది కోసేవాని బాధ కూడా అని తెలియును. మా ఉర్దూ విభాగపు మిత్రులు రంపాన్ని ‘ఆరీ’ అంటారు. దానికి పదును పెట్టే ఆకురాయిని ‘రేతీ’ అంటారు. ఇసుకకు కూడా వారి వాడుకలో రేతీయే పేరు. రెండింటి పనీ అరగదీయడమే కదా!

కడప జిల్లాలోని మూడు పట్టణాలను ఇందుకు ఉదాహరణగా గ్రహించినాము. జమ్మలమడుగులో కలప పని, పులివెందులలో పైపులూ చీనీ తోటలూ, ప్రొద్దుటూరులో బంగారు పని. మూడు చోట్లా వాడేది చేతి రంపమే అయినా, మూడింటి కష్టాలు ఒక తీరువి కావు.

జమ్మలమడుగులోనూ చుట్టుపట్ల పల్లెలలోనూ తలుపులు, మంచాలు, బండి సామాను మొదలుకొని చేనేత మగ్గాల మరమ్మతు వరకు వడ్రంగి చేతి మీదుగానే నడిచేవి. ఆ వడ్రంగి రంపాన్ని రెండు చెక్కల నడుమ నిలబెట్టి, మూడు పలకల ఆకురాయితో ఒక్కొక్క పంటినీ రాచి పదును పెట్టుకొనేవాడు. పళ్ళకు వంపు తగ్గితే మరల వంచుకొనేవాడు. ఏండ్ల తరబడి రాపిడికి రంపం వెడల్పు తగ్గి సన్నబడేదే గాని పనికి రాకుండా పోయేది కాదు. అంతకన్న ముఖ్యమైన విషయం ఒకటి కలదు. కలపను నిలువునా, అనగా నార వెంబడి చీల్చేటప్పుడు పళ్ళు చిన్న ఉలుల వలె తిన్నగా ఉండవలెను. అడ్డంగా, అనగా నారను తెంపుతూ కోసేటప్పుడు పళ్ళు కత్తిమొనల వలె పక్కలకు పదునెక్కి ఉండవలెను. ఎండిన తుమ్మకు ఒక వాలు, మెత్తని కలపకు ఒక వాలు. ఈ మార్పులన్నీ వడ్రంగి తన ఆకురాయితో తానే చేసుకొనేవాడు. రంపం అతని పనికి తగినట్లు మారేది.

నేడు అంగళ్ళలో దొరికే రంపాలలో అధిక భాగం పంటి కొనలు నీలి నలుపు రంగులో ఉండడం పాఠకులు గమనించి ఉంటారు. అది రంగు కాదు. విద్యుత్తు సహాయంతో పంటి కొనను మాత్రమే క్షణకాలం కాల్చి, వెంటనే చల్లార్చి గట్టిపరచిన గుర్తు. ఆ పళ్ళు ఆకురాయి కన్న గట్టివి. కనుక పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. కాని మొద్దుబారిన తరువాత ఆకురాయి దానిపై జారిపోతుంది. బలవంతంగా రాస్తే పాడయ్యేది ఆకురాయే. అందుచేత బ్లేడు తీసి వేరొకటి వేసుకొనవలసిందే. ఇక్కడనే వడ్రంగి స్వాతంత్ర్యం తయారీదారు చేతికి పోయినది. అతడు ఎట్టి పన్ను చేస్తే అట్టి పంటితోనే పని నడుపుకొనవలెను. అంగట్లో సిద్ధంగా దొరికే పన్ను సాధారణంగా అడ్డకోతకు తగినది. దానితో పలకను నిలువునా చీల్చబోతే పొట్టు నిండి, రంపం వేడెక్కి, గంట పని రెండు గంటలు పడుతుంది. ఇది బ్లేడు లోపం కాదు. పనికీ పంటికీ పొత్తు లేకపోవడం.

వంపులు కోసే చిన్న రంపాల సంగతి మరీ చిత్రం. చూపునకు రెండూ ఒకటే: విల్లు వంటి చట్రం, దాని కొనల నడుమ దారం వంటి బ్లేడు. కాని ఒక రకంలో బ్లేడు రెండు కొనలకూ అడ్డంగా చిన్న పిన్నులు ఉండి, అవి చట్రపు కొక్కేలలో కూర్చుంటాయి. పొడవు సుమారు 165 మి.మీ. రెండవ రకంలో పిన్నులు ఉండవు. మరలతో బిగించి పట్టవలెను. పొడవు సుమారు 130 మి.మీ. ఒకదాని బ్లేడు మరొకదానికి పనికిరాదు. అంగడివాడు ‘చిన్న రంపం బ్లేడు’ అని ఒకే పేరు చెప్పి ఇస్తాడు, కొన్నవాడు ఇంటికి వచ్చి చూచుకొంటాడు.

ఇక అందరూ ఎరిగిన హాక్సా బ్లేడు. జనవ్యవహారంలో ఇది ‘హెక్సా బ్లేడు’ అయినది. పత్రికలలో దొంగలు కిటికీ ఊచలు కోసే వార్తలలో కూడా ఆ పేరే కనబడుతుంది. ఆరు అనే అర్థం గల ‘హెక్సా’కు దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పేరు చెడినా కొలత మాత్రం చెడలేదు, అది మన అదృష్టం. చేతి రంపాల బ్లేడ్లలో దేశదేశాల కంపెనీలు ఒకే కొలతకు కట్టుబడి తయారుచేసేవి ఈ ఒక్కటే అన్నా అతిశయోక్తి కాదేమో. రెండు పొడవులు ప్రధానం: 300 మి.మీ., 250 మి.మీ. ఈ పొడవు బ్లేడు ఈ కొస నుండి ఆ కొసకు కాదు. ఒక రంధ్రం నడిమి నుండి రెండవ రంధ్రం నడిమికి. వెడల్పు 12 నుండి 13 మి.మీ., మందం సుమారు 0.63 మి.మీ. పాత లెక్కలో 12 అంగుళాలంటే 304.8 మి.మీ. కదా, 300 దానితో ఎట్లు సరిపోవునని విద్యార్థులు అడుగవచ్చు. చట్రం చివర ఉండే రెక్కల నట్టు ఆ కొద్దిపాటి తేడాను మింగివేస్తుంది.

పొడవు కుదిరినంత మాత్రాన పని కుదరదు. పళ్ళ లెక్క చూడవలెను. అంగుళానికి 14, 18, 24, 32 పళ్ళు అని నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి. సూత్రం ఒక్కటే: కోసే వస్తువు మందంలో ఎప్పుడూ కనీసం రెండు మూడు పళ్ళైనా ఆనుకొని ఉండవలెను. మెత్తని లోహపు దిమ్మెకు 14, సామాన్యమైన ఇనుప కడ్డీకి 18, గొట్టాలకు 24, పలుచని రేకుకు 32. పలుచని రేకును 14 పళ్ళ బ్లేడుతో కోయబోతే రేకు అంచు రెండు పళ్ళ నడిమి సందులో దిగబడి, పన్ను విరుగుతుంది. ఒక పన్ను విరిగితే దాని ప్రక్కది రెట్టింపు భారం మోస్తుంది, అదీ విరుగుతుంది. ఆ విధంగా మొత్తం బ్లేడు పావుగంటలో బోసినోరు అవుతుంది. అప్పుడు నాసిరకం బ్లేడు అని తయారీదారును నిందిస్తారు. ఈ నింద అన్ని వేళలా న్యాయం కాదు.

నాసిరకం అసలు లేదని మా అభిప్రాయం కాదు. ఉక్కులో తేడా కలదు. సామాన్య కార్బన్ ఉక్కు వేడెక్కితే, సుమారు 200 డిగ్రీలు దాటిన కొలది కాఠిన్యం కోల్పోతుంది. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో అమెరికా దేశీయులు టేలర్, వైట్ ప్రదర్శించిన హైస్పీడ్ ఉక్కు 600 డిగ్రీల దాపునకు పోయినా గట్టిగా నిలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినది. కాని అదే ఉక్కుతో బ్లేడంతా చేస్తే పెళుసుగా ఉంటుంది, మెలిపడితే ముక్కలవుతుంది. అందుచేత పళ్ళ వరకు హైస్పీడ్ ఉక్కు, వెనుక భాగం స్ప్రింగు ఉక్కు చేర్చి అతికిన ద్విలోహ బ్లేడు వచ్చినది. వంగుతుంది, విరగదు. ధర ఎక్కువ. మూడవది పళ్ళు మాత్రం గట్టిపరచి వెన్ను మెత్తగా ఉంచిన చవక బ్లేడు. నాసిరకం అనదగినది ఈ మూడింటిలో ఏదీ కాదు. మూడవదానిని మొదటిదాని పేరుతో, మొదటిదాని ధరకు అమ్మడమే నాసి పని. పేరుపొందిన కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి, అదే రంగు పూసి అమ్మే బ్లేడ్లు పల్లె సంతల వరకూ చేరినాయి.

మరొక చిక్కు చాలామంది గమనించనిది. సగం కోసిన తరువాత బ్లేడు విరిగినదనుకొందాము. క్రొత్త బ్లేడు వేసి అదే గాడిలో పెడితే ఇరుక్కొంటుంది, వెంటనే అదీ విరుగుతుంది. కారణమేమన, పాత బ్లేడు పళ్ళు అరిగి వాటి వంపు తగ్గినందున అది కోసిన గాడి ఇరుకు. క్రొత్త బ్లేడు పళ్ళ వంపు నిండుగా ఉన్నందున వెడల్పు. ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే డబ్బాలోని బ్లేడ్లైనా సరే పొత్తు కుదరదు. కడ్డీని త్రిప్పి రెండవ వైపు నుండి క్రొత్త గాడి మొదలుపెట్టవలెను. రెండు బ్లేడ్ల ఖరీదు మిగిల్చే ఈ చిన్న కిటుకును పెద్ద పనివారు అప్రెంటిసులకు చెప్పేది సాధారణంగా మూడవ బ్లేడు విరిగిన తరువాతనే.

ఈ బ్లేడు మన జిల్లాలో ఇంతగా వ్యాపించడానికి పులివెందుల వైపు తోటలు కొంత కారణం. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకం 2003 నవంబరులో ప్రారంభమైన తరువాత చీనీ, అరటి తోటలలో బిందుసేద్యం విస్తరించినది. దానితో 63, 75, 90 మి.మీ. పి.వి.సి. గొట్టాలు భూమిలో దిగినాయి. గొట్టం పగిలితే కోసి అతికేది హాక్సా బ్లేడుతోనే. ఇక్కడ నష్టం బ్లేడు ఖరీదు కాదు. ముతక పళ్ళ బ్లేడు గానీ, పళ్ళు రాలిన బ్లేడు గానీ వాడితే గొట్టపు అంచు పెచ్చులు లేస్తుంది. కోత వంకర పోతుంది. అంచు తిన్నగా లేకపోతే అతుకు నిలువదు. మరియు ఆ ప్లాస్టిక్ పొట్టు గొట్టంలోనే మిగిలి, నీటితో పోయి డ్రిప్పర్లలో చిక్కుకొంటుంది. డ్రిప్పరులో నీరు నడిచే దారి ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఎండాకాలంలో నాలుగు చెట్లు వాడిపోయిన తరువాత గాని కారణం బోధపడదు. 24 పళ్ళ బ్లేడుతో నెమ్మదిగా కోసి, అంచును లోపలా వెలుపలా చాకుతో గీకి, అతికిన గొట్టం చివరి మూత విప్పి కొంతసేపు నీరు వదిలితే ఈ బాధ ఉండదు. గుంటలో వంగి కోసేవారు పెళుసు బ్లేడు వాడరాదు. అక్కడ చేయి తిన్నగా ఆడదు, బ్లేడు మెలి తిరిగి విరుగుతుంది, విరిగిన ముక్క కంటికి ఎదురుగానే ఉంటుంది.

చీనీ తోటలోనే రెండవ రంపం కలదు. ఎండు కొమ్మలు తీసే కత్తిరింపు రంపం. దీని పళ్ళు మన వైపునకు లాగినప్పుడు కోస్తాయి, నెట్టినప్పుడు కోయవు. జపాను పద్ధతి అది. లాగేటప్పుడు బ్లేడు సాగుతుందే గాని వంగదు, కనుక పలుచగా చేయవచ్చు, కోత నున్నగా వస్తుంది. నున్నని కోత చెట్టుకు అవసరం. చీలికలు లేచిన గాయంలో నీరు నిలిచి శిలీంధ్రాలు చేరుతాయి. అందుకే కోసినచోట బోర్డో పేస్టు పూయమని, 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీటితో కలిపి చేసుకొమ్మని ఉద్యానశాస్త్రజ్ఞులు చెబుతారు. బరువైన కొమ్మను ముందు క్రింది వైపు నుండి కొంత కోసి, తరువాత పైనుండి కోయవలెనని కూడా చెబుతారు; లేనిచో కొమ్మ విరిగి పడుతూ బెరడును కాండం దాకా చీల్చివేస్తుంది.

ఈ రంపాల విషయంలో పొత్తు సమస్య మిక్కిలి తీవ్రమైనది. హాక్సాకు ఉన్నటువంటి ఉమ్మడి కొలత వీటికి లేదు. ఒక కంపెనీ పిడిలో బోల్టు ఒకటి, మరొకరి పిడిలో రెండు. ఒకరి బ్లేడు మొదట కొక్కెం ఉంటుంది, ఇంకొకరిది గుండ్రని రంధ్రం. అదే కంపెనీ రెండు నమూనాలకు కూడా ఒకే బ్లేడు సరిపడకపోవచ్చు. పిడితో సహా రంపం మన పట్టణాలలో దొరుకుతుంది. రెండేళ్ళకు బ్లేడు అరిగిన తరువాత దాని జోడు కొరకు అడిగితే ఆ నమూనా రావడం లేదంటారు. మేమెరిగిన రైతులు కొందరు వేరొక బ్లేడుకు తామే రంధ్రం వేయించి పిడికి బిగించుకొన్నారు. ఇది ప్రమాదకరం. బోల్టుకూ రంధ్రానికీ నడుమ సందు ఉంటే బ్లేడు లాగిన ప్రతిసారీ ఆడుతుంది. మడత రంపమైతే పనిమధ్యలో వ్రేళ్ళపైకి మడతపడవచ్చు. గట్టిపరచిన ఉక్కుకు మామూలు డ్రిల్లు దిగదు. రంధ్రం కొరకు కాల్చి మెత్తపరిస్తే ఆ మేర బలం పోతుంది. ఈ రంపం కొనేవారు పిడితోపాటే రెండు అదనపు బ్లేడ్లు కొని దాచుకొనడం తప్ప వేరు మార్గం మాకు తోచడం లేదు. అదనపు బ్లేడు చూపలేని అంగడిలో అట్టి రంపం కొనకపోవడం ఇంకా మేలు.

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారం రాయలసీమ అంతటా ప్రసిద్ధం. అంగళ్ళ వెలుగు అందరూ చూచినదే. ఆ వెలుగు వెనుక చిన్న గదులలో పీట ముందు కూర్చుండి రేకును పూవులుగా, ఆకులుగా కోసే స్వర్ణకారుని చేతి రంపాన్ని చూచినవారు తక్కువ. దాని బ్లేడు పొడవు 130 మి.మీ., గుండుసూది కన్న సన్నం. వీటి సంఖ్యలు సామాన్యునికి వింతగా తోస్తాయి. 1 కన్న సన్నమైనది 0, దానికన్న సన్నమైనది రెండు సున్నలు, ఆపైన మూడు, నాలుగు. ఈ విధంగా ఎనిమిది సున్నల వరకు పోతుంది. సున్నలు పెరిగిన కొలది బ్లేడు సన్నబడుతుంది. 1వ సంఖ్య మందం సుమారు 0.30 మి.మీ., రెండు సున్నలది 0.26, నాలుగు సున్నలది 0.22, ఎనిమిది సున్నలది 0.16 మాత్రమే.

ఈ రంపంలో పొడవు పొత్తు ఒక సమస్యయే కాదు. చట్రం జరిగేది, బ్లేడుకు రంధ్రమూ లేదు, పిన్నూ లేదు, రెండు మరల పట్టులో ఇరికించి, చట్రాన్ని ఎదతో పీటకు అదిమిపట్టి రెండవ మర బిగించి వదలుతారు. అప్పుడు బ్లేడు తీగ వలె బిగుసుకొంటుంది. వ్రేలితో మీటితే సన్నగా మ్రోగవలెను. విరిగిన బ్లేడు ముక్కను కూడా చట్రం దగ్గరకు జరిపి వాడుకొనవచ్చు. హాక్సా చట్రం ఇట్టి ఔదార్యం చూపదు. పళ్ళు మాత్రం పిడి వైపునకు, అనగా క్రిందికి చూడవలెను. హాక్సాలో పళ్ళు ముందుకు, మనకు దూరంగా చూడవలెను. రెండు రంపాలూ వాడే ఇంట పిల్లలు దీనిని తలక్రిందులు చేయడం సహజం.

పొడవు క్షమించే ఈ చట్రం మందాన్ని క్షమించదు. ఇక్కడ బ్లేడు కోసేది ఇనుము కాదు, బంగారం. రంపం నడిచిన దారి వెడల్పంతా పొడియై రాలుతుంది. చిన్న లెక్క వేసి చూతము. 1 మి.మీ. మందం గల 22 కారెట్ల రేకుపై మొత్తం 100 మి.మీ. పొడవున కోత కోయవలసి ఉన్నది. నాలుగు సున్నల బ్లేడుతో కోస్తే గాడి 0.22 మి.మీ. అనుకొన్నా, రాలేది 22 ఘనపు మిల్లీమీటర్లు. 22 కారెట్ల బంగారం ఘనపు సెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది కనుక అది 0.39 గ్రాము. అదే కోత 1వ సంఖ్య బ్లేడుతో కోస్తే 0.53 గ్రాము. తేడా 140 మిల్లీగ్రాములు. రజను అంతా గుడ్డలో, పళ్ళెంలో ఏరుకొని మరల కరిగిస్తారు, నిజమే. కాని పీట సందులలో, చాప నూలులో, చేతి చెమటలో పోయేది పోగా మిగిలినదే తిరిగి వచ్చేది. ఎంత ఎక్కువ రాలితే అంత ఎక్కువ పోతుంది. ‘తరుగు’ అనే మాట కొనేవారికి బిల్లులో ఒక గీత మాత్రమే. కూలికి నగ చేసే పనివానికి అది వ్యాపారికి తూచి అప్పగించవలసిన లెక్క. ముందుగా ఒప్పుకొన్న తరుగును మించి రాలినది అతని మజూరి నుండి పోతుంది.

ఇక్కడ నాసిరకం బ్లేడు చేసే నష్టం రెండు విధాలు. కట్టపై నాలుగు సున్నలు అని వ్రాసి ఉండి లోపల మందం సమంగా లేకపోతే తరుగు పెరుగుతుంది. పళ్ళ వంపు ఒకవైపు ఎక్కువై, రెండవవైపు తక్కువైతే బ్లేడు గీతను వదలి ప్రక్కకు లాగుతుంది, పనివాడు గీత మీదకు తెచ్చుకొనడానికి మెలి త్రిప్పుతాడు, బ్లేడు తెగుతుంది. ఈ బ్లేడ్లు డజను చొప్పున సన్నని తీగతో కట్టి, 12 డజన్లు ఒక గ్రోసుగా అమ్ముతారు. మంచి కట్టలో డజనూ ఒకే తీరున ఉంటాయి. చెడ్డ కట్టలో రెండు బాగా నడిచి మూడవది పంటి గాటు లేకుండానే ఉంటుంది. స్విట్జర్లాండు, జర్మనీ బ్లేడ్లకు ధర ఎక్కువైనా నగల పనివారు వాటినే కోరడానికి కారణం మోజు కాదు, ఈ ఏకరూపత. అయితే వాటి కాగితాలను అనుకరించి అచ్చు వేయడం ఎవరికైనా సులభం. కట్ట విప్పి ఒక బ్లేడును గోటిపై మెల్లగా జరిపితే పళ్ళు ఒకే వైపు సమంగా తగులుతున్నవో లేదో తెలుస్తుంది. అంగడివాడు కట్ట విప్పనివ్వనిచో ఒక్క డజను మాత్రమే కొని పోవడం వివేకం. వాడేటప్పుడు తేనెమైనం ముక్కకు బ్లేడు వెన్నును అప్పుడప్పుడు రాస్తే తేలికగా నడుస్తుంది. పళ్ళకు దట్టంగా పూస్తే పొడిని పట్టి ఉంచి మొదటికే మోసం తెస్తుంది.

కొనేటప్పుడు ఏమి చూడవలెను? ముందే కట్టిన సరుకు కాగితంపై తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, దిగుమతి అయినదైతే దేశం పేరు ఉండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. మన అంగళ్ళలో డబ్బా విప్పి బ్లేడ్లను విడివిడిగా అమ్మడం వాడుక కనుక, కొనేవాని చేతికి ఆ కాగితం రాదు. డబ్బా చూపమని అడగడంలో సిగ్గు లేదు. ప్రమాణాల ముద్ర విషయానికి వస్తే, 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ, 1987 నుండి బ్యూరోగా మారినది, హాక్సా బ్లేడ్లకు కొలతలూ కాఠిన్యమూ నిర్ణయించి ఉన్నది. ముద్ర ఉన్న బ్లేడుపై లైసెన్సు సంఖ్య కూడా ఉండవలెను. వట్టి ముద్ర ఎవరైనా అచ్చు వేయగలరు.

అంగట్లోనే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. బ్లేడును కంటి ఎదుట నిలువుగా పట్టి పళ్ళ వరుసను కొస నుండి చూస్తే రెండు వైపుల వంపు సమంగా, అలల వలె కనబడవలెను. రంధ్రాల అంచు చినిగినట్లు ఉండరాదు. బిగించినప్పుడు అక్కడి నుండే పగులు మొదలవుతుంది. వంగే రకమని అమ్మినదానిని కొంచెం వంచి వదలితే మరల తిన్నగా రావలెను. పాత ఆకురాయి మూలతో చివరి పంటిని రాస్తే జారవలెను, కొరకరాదు. తూకం కూడా ఒక పరీక్షయే. పైన చెప్పిన కొలతలు గల 300 మి.మీ. బ్లేడు లెక్క ప్రకారం 18, 19 గ్రాములు ఉండవలెను. పది కలిపి 180కి ఎంతో తగ్గితే రేకు పలుచనిదని అర్థం. తూకానికి ప్రొద్దుటూరులో కొరత లేదు గదా!

బ్లేడు మంచిదైనా చట్రం చెడ్డదైతే ఫలితం సున్న. పిన్నులు అరిగి వాలినవో, చట్రం మెలి తిరిగినదో చూచుకొనవలెను. బల్లపై పెడితే రెండు పిన్నులూ ఒకే తలంలో ఉండవలెను. అరిగిన పిన్ను ఖరీదు బ్లేడు ఖరీదు పాటి ఉండదు, కాని దానిని మార్చేవారు అరుదు. వేగం సంగతి కూడా చెప్పవలెను. నిమిషానికి 40 నుండి 60 లాగులు చాలును. వెనుకకు లాగేటప్పుడు ఒత్తిడి పెట్టరాదు. తొందరపడి రుద్దేవారు గంటలో మిగిల్చేది ఐదు నిమిషాలు, పోగొట్టేది ఒక బ్లేడు.

మోసపోయినవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది, రక్షణ కల్పిస్తుంది. 1915 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బిల్లు ఉండవలెను. కొద్దిపాటి ధర గల బ్లేడుకు బిల్లు ఎవరు అడుగుతారు అనే ప్రశ్న మాకు తెలియనిది కాదు. కాని గ్రోసు చొప్పున కొనే నగల పనివారు, డబ్బా చొప్పున కొనే పైపుల పనివారు తప్పక అడిగి తీసుకొనవలెను. కంటికి దెబ్బ తగిలినప్పుడు, తోట ఎండినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

విరిగిన హాక్సా బ్లేడును పారవేయనివారు మన పట్టణాలలో ఇంకా ఉన్నారు. చర్మం కోసేవారు, గడియారాలు బాగుచేసేవారు, వడ్రంగులు దానిని సానరాతిపై నూరి చిన్న చాకుగా చేసుకొంటారు. పూర్తిగా గట్టిపరచిన రకమే ఇందుకు తగినది. వెన్ను మెత్తని రకానికి పదును నిలువదు. నూరేటప్పుడు ఘడియ ఘడియకు నీటిలో ముంచుతూ ఉండవలెను. కార్బన్ ఉక్కుపై నీలి రంగు తేలినదంటే అక్కడ కాఠిన్యం పోయినదని గుర్తు. ఆ మేర నూరి తీసివేయవలసినదే. పిడికి రెండు వెదురు బద్దలు వేసి నూలుదారం గట్టిగా చుట్టితే చాలును.